పొగనీడ

తర్కశాస్త్రము చదువ నారంభించిన ప్రతి విద్యార్థికిని మొదట చెప్పబడు ఉదాహరణము పొగను గూర్చినదే. కొండమీద పొగ కనబడుచున్నది. పొగ యున్నచోట నిప్పుండుట వంటయింట చూచినదే. కావున కొండమీద నిప్పు కలదు. ఎన్నియో తరములనుండి మన పాఠములలో పొగ నిప్పునకు గుర్తుగా నిలిచియున్నది. నేటి వాయుశాస్త్రజ్ఞులు చెప్పు సంగతి ఈ పాతపాఠమునకు వింతయైన అనుబంధము. మనుష్యులు రగిల్చిన నిప్పులవలన భూమి వేడెక్కుచున్నది. ఆ నిప్పులనుండి లేచిన పొగయే ఆ వేడిలో కొంతభాగమును మనకు తెలియకుండ కప్పిపుచ్చుచున్నది. గుర్తు కావలసినది ముసుగైనది.

ఇందుండి యొక ధర్మసందేహము పుట్టుచున్నది. పొగ ఊపిరితిత్తులను చెఱచునని అందఱును ఎఱుగుదురు. దానిని తీసివేసినచో దాని చాటుననున్న వేడి బయటపడును. అట్లయిన పొగను తీయవచ్చునా? తీసినవాడు ఆ వేడికి బాధ్యుడగునా? ఇంతకాలము చల్లదన మిచ్చినందుకు పొగ విడిచినవానికి కొంత పుణ్యము జమకట్టవలెనా? ఇవి వినోదార్థము కల్పించిన ప్రశ్నలు కావు. బొగ్గు కాల్చి విద్యుత్తు పుట్టించు కర్మాగారములు తమ పొగగొట్టములనుండి గంధకపు వాయువును తొలగించు యంత్రములు పెట్టుకొనవలసివచ్చునట్లు 2015 డిసెంబరులో మన ప్రభుత్వము నియమము చేసినది. గడువులు పలుమాఱులు పొడిగింపబడినవి. తుదకు 2025 జూలైలో ఆ కర్మాగారములలో నూటికి సుమారు 78 వంతులకు ఆ యంత్రములు అక్కఱలేదని మినహాయింపు కలిగినది. ఈ చర్చలో ఖర్చు ఎక్కువ యనియు, మన బొగ్గులో గంధకము తక్కువ యనియు చెప్పిన వాదములతోపాటు, గంధకపు పొగ భూమిని చల్లపఱచుచున్నది గదా యను వాదమును వినవచ్చినది. మొదటి రెంటిని లెక్కలు తెలిసినవారు తేల్చుకొందురు గాక. మూడవదానిని మాత్రము ధర్మవిచారము చేయు వా రెవ్వరును తేలికగా పోనీయరాదు.

విచారమునకు ముందు విషయము తెలియవలెను. స్కాట్లండు దేశీయుడైన జాన్ ఎయిట్‌కెన్ 1880లో ఒక తేలికయైన ప్రయోగమును లోకమునకు తెలియజేసెను. రెండు గాజుపాత్రలు తీసికొని, ఒకదానిలో గదియందలి మామూలు గాలిని, రెండవదానిలో దూదిచే వడగట్టిన గాలిని నింపి, రెంటిలోనికిని నీటియావిరిని పంపెను. మొదటి పాత్రలో తెల్లని పొగమంచు దట్టముగా క్రమ్మినది. రెండవదానిలో ఏమియు కనబడలేదు; ఆవిరి యున్నది కాని మంచు కాలేదు. అనగా గాలిలోని యావిరి తనంతట తాను బిందువుగా మాఱజాలదు. అది కూర్చుండుటకు ఒక పీట కావలెను. సముద్రపు టలలనుండి ఎగసిన ఉప్పురేణువు గాని, నేలదుమ్ము గాని, పొగలోని కణము గాని ఆ పీట యగును. దుమ్మే లేనిచో మంచు లేదు, మబ్బు లేదు, బహుశః వానయు లేదని ఎయిట్‌కెన్ తలచెను.

సంస్కృతము చదివినవారికి ఇచట రెండు సంగతులు జ్ఞాపకమునకు వచ్చును. కాళిదాసు మేఘసందేశమున మేఘమునకు చెప్పిన నాలుగు ద్రవ్యములలో పొగ మొదటిది. లింగపురాణమున, ఏ పొగనుండి పుట్టినదను దానినిబట్టి మబ్బునకు గుణభేదము చెప్పబడినది: యజ్ఞధూమమునుండి పుట్టినది మేలు చేయును, కార్చిచ్చు పొగనుండి పుట్టినది అడవులకు హితము, శవధూమమునుండి పుట్టినది అశుభము, అభిచారహోమపు పొగనుండి పుట్టినది ప్రాణినాశకము. ఇంతమాత్రమున ఎయిట్‌కెన్ కనుగొన్నదంతయు మన పూర్వులు ముందే యెఱిగియుండిరని చాటువారితో నేను చేరను. వారు గాజుపాత్రలు పెట్టి చూడలేదు; రేణువులను లెక్కింపలేదు. అయినను, పొగ యెవరి నిప్పునుండి, ఏ యుద్దేశముతో లేచినదని వారు అడిగిరి. ఆ ప్రశ్న ప్రయోగశాలలో పుట్టునది కాదు. దానితో మనకు ముందుముందు పని కలదు.

గాలిలో ఈ పీటలు ఎక్కువైనచో మబ్బున కేమగును? 1974లో ట్వోమీ యను శాస్త్రజ్ఞుడు దీనికి సమాధానము చెప్పెను. మబ్బులోని నీరు అంతే యుండును, పంచుకొనువారు పెరుగుదురు. కావున బిందువులు చిన్నవై, సంఖ్యలో పెక్కగును. ఇది బడిపిల్లవానికి సైతము సాధ్యమైన లెక్క. ఒక్క బిందువును ఎనిమిది సమానమైన బిందువులుగా పంచినచో ఒక్కొక్కదాని వ్యాసార్ధము సగమగును, పైతలము నాలుగవవంతగును, ఎనిమిదింటిని కూడిన మొత్తపు పైతలము మునుపటికి రెండింతలు. నీరు పెరుగలేదు, వెలుతురు తగులుచోటు మాత్రము రెట్టింపైనది. కలకండ పలుకును వెలుతురున పట్టి చూడుడు: లోపలినుండి కాంతి దాటివచ్చును. దానినే కల్వములో నూఱినచో తెల్లని పొడియగును. కాంతిని వెనుకకు కొట్టును. పొగ సోకిన మబ్బు నూఱిన కలకండవంటిది. సూర్యరశ్మిని ఆకాశమునకు త్రిప్పికొట్టును. క్రింద నేల చల్లనగును.

ఈ తెల్లదనమునకు మఱియొక ప్రక్క కలదు. వానచినుకు ఒక్కటి తయారగుటకు మబ్బులోని చిన్నబిందువులు సుమారు పదిలక్షలు కలిసికొనవలెను. అతిసూక్ష్మమైన బిందువులు ఒకదానితో నొకటి ఢీకొని కలియుట కష్టము. గాలిలో తేలుచునే యుండును. పొగసోకిన మబ్బు చూచుటకు నిండుగా నుండియు తఱచు కురియదు. కొన్నియెడల ఆలస్యముగా కురియును. బలమైన గాలి పైకెత్తిన పెద్దమబ్బులలో ఒక్కుమ్మడిగా కురియుటయు కలదు. మబ్బుల చేష్ట యీ శాస్త్రమున ఇప్పటికిని మిక్కిలి చిక్కైన భాగము.

పొగ యనుమాట ఒక్కటేకాని పదార్థ మొక్కటి కాదు. బొగ్గులోను చమురులోను నున్న గంధకము కాలి పుట్టించు రేణువులు తెల్లనివి. అవి ఎండను చెదరగొట్టును. కట్టెలు, పిడకలు, డీజిలు సరిగా కాలక విడిచెడి మసి నల్లనిది. అది ఎండను మ్రింగి, తా నున్న గాలిపొరను కాచును. నేలమీద నీడ పడుచుండగనే పైగాలి వేడెక్కును; అచటి మబ్బులు కొన్ని ఆ వేడికి ఆఱిపోవును. తెల్లని పొగ భూమికి గొడుగైనచో నల్లని పొగ కంబళివంటిది. మన దేశముమీద ఈ రెండును కలిసి వ్రేలాడుచున్నవి.

సముద్రముమీద ఈ సంగతి కంటికి కనబడును. ఉపగ్రహములు తీసిన చిత్రములలో ఓడలు పోయినదారి పొడవునను మబ్బులలో సుద్దముక్కతో గీచినట్లు తెల్లని గీతలు కానవచ్చెడివి. ఓడల గొట్టములనుండి లేచిన గంధకపు పొగ ఆ మబ్బులను తెల్లపఱచిన జాడ లవి. 2020 జనవరి 1వ తేదీనుండి అంతర్జాతీయ నౌకాసంస్థ ఓడల ఇంధనమున గంధకము నూటికి 3.5 వంతులనుండి 0.5 వంతునకు తగ్గవలెనని కట్టడి చేసినది. రేవుపట్టణములలో గాలి పీల్చువారి మేలుకొఱకు చేసిన పని యది. ఆ తరువాత గీతలు చాలవఱకు తగ్గిపోయినవి. సముద్రముమీద పడు ఎండ ఆమేరకు పెరిగినది. దీనివలన భూమి యెంత వేడెక్కినదను విషయమున శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయము లేదు. పెక్కుమంది లెక్కలో అది డిగ్రీలో కొన్ని నూఱవవంతులు మాత్రమే.

భూగోళ మంతటికిని కలిపి చూచినచో ముసుగు చిన్నది కాదు. దేశదేశముల ప్రభుత్వముల తరఫున పనిచేయు శాస్త్రజ్ఞుల సంఘము 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 19వ శతాబ్ది ఉత్తరార్ధముతో పోల్చగా 2010-2019 నాటికి భూమి సుమారు 1.1 డిగ్రీలు వేడెక్కినది. బొగ్గుపులుసు వాయువు మొదలగు వేడిని పట్టియుంచు వాయువులు మాత్రమే యున్నచో సుమారు 1.5 డిగ్రీలు వేడెక్కియుండెడిది. మిగిలిన 0.4 డిగ్రీ ముఖ్యముగా పొగరేణువుల చలువ. ఈ యంకెలో సందిగ్ధత చాలగలదు. అది దాదాపు శూన్యము మొదలు 0.8 వఱకు ఎచటనైన నుండవచ్చునని వారే చెప్పుచున్నారు. మన కప్పుకొన్న దుప్పటి ఎంత మందమో మనకే సరిగా తెలియదన్నమాట.

మన దేశపు సంగతి. 1999లో జనవరి మొదలు మార్చి వఱకు వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రుట్జెన్ మొదలగువారు మాల్దీవుల కేంద్రముగా హిందూమహాసముద్రముమీద విమానములతోను, ఓడలతోను పరిశోధన సాగించిరి. దక్షిణాసియానుండి గాలివాటున పోయిన గోధుమరంగు మంటుపొర సముద్రముమీద మూడు కిలోమీటర్ల యెత్తువఱకు కప్పియుండుటయు, దాని క్రింద నీటిని చేరెడి ఎండ సుమారు పదింట నొకవంతు తగ్గియుండుటయు వారు కనుగొనిరి. భారత ప్రభుత్వపు భూవిజ్ఞానశాఖ 2020లో ప్రకటించిన గ్రంథమును చూడుడు. 1901 మొదలు 2018 వఱకు మన దేశపు సగటు ఉష్ణత సుమారు 0.7 డిగ్రీ పెరిగినది. పొగరేణువులు కొంత అడ్డుకొననిచో ఇంకను పెరిగియుండెడిది. ఇదివఱకు లాభము. ఆ గ్రంథమే చెప్పుచున్న రెండవ సంగతి: 1951 మొదలు 2015 వఱకు నైరృతి ఋతుపవనపు వర్షము నూటికి 6 వంతులు తగ్గినది, గంగామైదానమునను పడమటి కనుమలయందును ఆ తగ్గుదల స్పష్టము, అందుకు ఉత్తరార్ధగోళపు పొగరేణువులు ఒక కారణము. నేల సముద్రముకంటె బాగుగా కాగినపుడే గదా ఋతుపవనము లోనికి వచ్చును! నేలమీద నీడ పఱచి, వానను గుమ్మమువద్దనే బలహీనపఱచితిమి. పొమ్మనలేక పొగపెట్టుట యను సామెతకు ఇంత చక్కని యర్థము మన పెద్దలు తలచియుండరు.

తొమ్మిదవ తరగతిలో ఈ పాఠము చెప్పినపుడు ఒక బాలిక లేచి, “అయితే పొగ మంచిదేనా, మాస్టారూ?” అని అడిగినది. తరగతి యంతయు నవ్వినది. నాకు నవ్వు రాలేదు. పెద్దలు పెద్ద పత్రములలో పేజీలకు పేజీలు వ్రాయుచున్న వాదమునే ఆ పిల్ల ఒక్క వాక్యమున అడిగినది.

నాకు తోచిన సమాధానములో మొదటి మెట్టు ఘుణాక్షరన్యాయము. పురుగు కొయ్యను తొలుచుచు పోగా ఒకచోట అక్షరము వంటి గీత పడవచ్చును. దానిని చూచి పురుగునకు అక్షరాభ్యాసమైనదని ఎవ్వరు నందురు? బొగ్గు కాల్చినవాడు కోరినది విద్యుత్తు. దానివలన వచ్చు ధనము. చల్లదనము అతడు కోరలేదు, ఎఱుగడు. కర్మకు ఫలము కలదు కాని సంకల్పము లేదు. సంకల్పములేని మేలును పుణ్యముగా జమకట్టినచో, సంకల్పములేని కీడును పాపముగా జమకట్టక తప్పదు. పొగ విడుచువాడు సాధారణముగా మొదటిదానిని అడుగునుగాని రెండవదానికి ఒప్పుకొనడు. నేను కోరి యెవరిని చంపితినని అతడు అడుగును. కోరలేదు, నిజమే, అట్లే కోరి యెవరిని చల్లపఱచెను?

అయినను ఇంతటితో తృప్తిపడుట న్యాయము కాదు. సంకల్పము లేకున్నను ఫలము ఫలమే గదా, పురుగు గీచినను అక్షరము అక్షరమే గదా, దానిని చెఱిపివేయుట యెందుకని అడుగువారుందురు. వారి వాదమును దాని బలముతోనే చూతము. వడగాలిలో ప్రతి వేసవిలోను మనుష్యులు చచ్చుచున్నారు. అఱడిగ్రీ యనునది కాగితముమీద చిన్న యంకె. రెంటచింతలలోనో రామగుండములోనో మే నెలలో పొలము పనికి పోవు కూలికి చిన్నది కాదు. పొగను తీసి ఆ కూలిని ఎండకు అప్పగించు హక్కు నీకెవ రిచ్చిరని అడిగినచో ఏమి చెప్పుదుము?

ఇచట చూడవలసినది లెక్కలోని మొత్తము కాదు. ఎవరి ఖాతాలో ఏమి పడినదను సంగతి. నీడ యందఱిదిగా చెప్పబడుచున్నది; పొగ మాత్రము కొందఱి ఊపిరిలోనికే పోవుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము బయటి గాలిలోని కాలుష్యము, ఇంటిలోని పొగ కలిసి ఏటేట సుమారు 67 లక్షలమందిని అకాలమరణము పాలుచేయుచున్నవి. వీరిలో అధికులు బీదదేశములవారు, ఆ దేశములలోను బీదవారు. లోకమునకు గొడుగు పట్టుటకై మీ ఊపిరితిత్తులను ఇండని వారి నెవ్వరును అడుగలేదు, వారు ఒప్పుకొనలేదు. అడుగకుండ పుచ్చుకొన్నదానిని దానమనరు. శిబిచక్రవర్తి తన తొడకండను కోసియిచ్చినాడు గనుక కథ యైనది. ఇతరుడు కోసి తీసికొన్నచో దానికి వేఱు పేరు.

ఆ నీడయైనను అందఱికిని ఒక్కతీరుగా పడలేదు. సహారా యెడారికి దక్షిణపుటంచున ఆఫ్రికాఖండమున అడ్డముగా పఱచుకొనియున్న సాహెల్ మండలమున 1960ల చివరనుండి 1980ల వఱకు ఘోరమైన అనావృష్టి కలిగినది. పంటలు పోయి, పశువులు చచ్చి, ప్రజలు వలసలు పోయిరి. ఆ కాలమున దోషమంతయు ఆ ప్రజలదే యని, పశువులను మితిమీఱి మేపి నేలను బీడుచేసికొనిరని చెప్పినవారు పెక్కురు. తరువాతి పరిశోధనలు చూపిన ముఖ్యకారణములలో నొకటి వేఱు. ఐరోపా, అమెరికా కర్మాగారముల గంధకపు పొగ ఉత్తర అట్లాంటికు సముద్రమును చల్లపఱచగా, వానలపట్టీ దక్షిణమునకు జరిగినది. ఆ దేశములు తమ ప్రజల ఆరోగ్యముకొఱకు పొగను తగ్గించిన పిమ్మట సాహెల్‌లో వానలు కొంతవఱకు తిరిగి వచ్చినవి. ఒకరి పొగగొట్టమునకును మఱియొకరి ఎండిన బావికిని నడుమ వేల మైళ్ల దూరమున్నది; కావుననే నేరము కనబడలేదు. అనావృష్టికి గుఱియైనవాడు తన పాపమే యనుకొనెను. ఇట్టిదానిని భూమిని చల్లపఱచినదను మొత్తపు టంకెలో కలిపివేయుట, ఇద్దఱు అన్నదమ్ములలో ఒకడు రెండుపూటల తిని మఱియొకడు పస్తుండగా, ఆ యింట సగటున పూటకూడు కలదని వ్రాసికొనుటవంటిది.

ఇంక కాలపు సంగతి. ఒకే గొట్టమునుండి రెండు బయలుదేఱుచున్నవి. గంధకపు రేణువులు వారము పదిదినములలో వానతోనో, తమ బరువుతోనో నేలకు దిగిపోవును. బొగ్గుపులుసు వాయువులో గణనీయమైన భాగము వందల సంవత్సరములు ఆకాశముననే యుండును. కావున నీడ నిలువవలెనన్న పొగను ప్రతిదినమును క్రొత్తగా విడుచుచుండవలెను. విడిచిన ప్రతిమాఱును దానితోకూడ శాశ్వతమైన వేడియు పెరుగుచుండును. అసలు పెరుగుచుండగా నేటి వడ్డీమాత్రము క్రొత్త అప్పుతో కట్టుచు, నాకు బాకీ లేదని ఊరిలో చెప్పుకొను గృహస్థులను మనము చూచియున్నాము. పొగను ఆపినవాడు అప్పు చేయలేదు. ఉన్న అప్పును బయటపెట్టినాడు. వేడిని పుట్టించుట వేఱు, వేడిమీది ముసుగు తీయుట వేఱు. మొదటిదానికి బాధ్యుడైనవాడే రెండవవానిని ముద్దాయిగా నిలుపుట లోకమున క్రొత్త కాదు.

కాని ముసుగు తీసినవానికి ఏ బాధ్యతయు లేదని నేననను. రోగికి బాధ తెలియకుండుటకు ఒకడు నల్లమందు పెట్టుచున్నాడనుకొందము. మందు రోగిని క్షీణింపజేయుచున్నది. వైద్యుడు వచ్చి దానిని మాన్పించును. బాధ బయటపడును. ఆ బాధకు వైద్యుడు కర్త కాడు. అయినను నల్లమందు మాన్పించి, అసలు రోగమునకు చికిత్స చేయక, రుసుము పుచ్చుకొని పోయిన వైద్యుని మనము క్షమింపము. చైనాదేశము 2013 తరువాత గంధకపు పొగను అతిశీఘ్రముగా తగ్గించినది. దానివలన ఆ దేశమున లక్షలకొలది ప్రాణములు నిలిచినవనుటలో సందేహము లేదు. బొగ్గు కాల్చుట మాత్రము అంతవేగముగా తగ్గలేదు. సగము వైద్య మనగా నిదియే. పొగను తీయు ప్రభుత్వము, బయటపడబోవు వేడికి కూడ ఆ దినముననే బదులు చూపవలెను: ఎండలో పనిచేయువారి పనిగంటలు మార్చుట, నీడ, నీరు, ఆసుపత్రి యనునవి దయాధర్మములు కావు, వైద్యములో భాగములు.

దీనిని తప్పించుకొనుటకు ఒక సులభమైన త్రోవ సూచింపబడినది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్ దీవులలోని పినటూబో అగ్నిపర్వతము బ్రద్దలై, సుమారు కోటిన్నర మొదలు రెండుకోట్ల టన్నుల గంధకపు వాయువును మబ్బులకు పైనున్న ఆకాశమునకు ఎగజిమ్మినది. ఆ తరువాత ఒకటి రెండేండ్లు భూమి సుమారు అఱడిగ్రీ చల్లబడినది. దీనిని చూచి, నేలమీద ఊపిరికి తగులు పొగను తీసివేసి, దానికి బదులు పైయాకాశమున మనమే గంధకమును చల్లినచో ఎట్లుండునని పాల్ క్రుట్జెన్ 2006లో ఒక వ్యాసము వ్రాసెను. ఆయన ఓజోనుపొర రసాయనమును తెలిపినందుకు 1995లో నోబెలు బహుమానము పంచుకొన్నవాడు. తేలిక మనిషి కాడు. దేశములు వేడివాయువులను తగ్గించునను ఆశ సన్నగిల్లి వ్రాసెను. అట్టి ప్రయోగము అవసరమే రాకుండుట ఉత్తమమని ఆ వ్యాసముననే చెప్పెను. ఆయన నిజాయితీని గౌరవించుచునే నేను ఈ త్రోవకు ఒప్పుకొనను. ఇచట ఘుణాక్షరము పోయి వ్రాత వచ్చినది; సంకల్పము వచ్చినది. పైన చల్లిన గంధకమువలన ఏ దేశపు వాన తప్పినను ఇకమీదట అది దైవికము కాదు, చల్లినవాని చేతిపని. పైగా ఒకసారి మొదలుపెట్టి, క్రింద వేడివాయువులను పెంచుచు పోయి, యుద్ధమువలననో దివాళావలననో ఒకనాడు చల్లుట మానినచో, కప్పుకొన్న వేడి యంతయు కొద్ది సంవత్సరములలో విరుచుకపడును. ఎన్ని తరములు ఆ గొడుగును దించకుండ పట్టుకొనగలవో చెప్పి వాగ్దానము చేయగల ప్రభుత్వము భూమిమీద ఏది? లింగపురాణమున పొగ నాలుగు విధములు గదా. ఐదవది యేదైన చేర్చవలసివచ్చినచో దాని నే పేరున పిలుతుమో పెద్దలు ఆలోచింతురు గాక.

పొగను తీయుచునే వేడిని అడ్డుకొనుటకు మంచి సాధనములు లేకపోలేదు. మీథేను వాయువు వేడిని మిక్కిలి గట్టిగా పట్టునది, కాని ఆకాశమున సుమారు పండ్రెండేండ్లకంటె నిలువనిది. దానిని తగ్గించినచో ఫలము మన కన్నులయెదుటనే కనబడును. పొగ తీయుటవలన బయటపడు వేడిలో కొంత దానితో సరిపోవును. అది చమురుబావులనుండి, బొగ్గుగనులనుండి, పట్టణముల చెత్తకుప్పలనుండి, పశువులనుండి, నీరు నిలిచిన వరిమళ్లనుండి పుట్టుచున్నది. కృష్ణా గోదావరీ మండలముల రైతులకు ఇది దూరపు మాట కాదు. మడిలో ఎల్లప్పుడును నీరు నిలుపక ఆరుతడి పెట్టినచో ఆ వాయువు చాలవఱకు తగ్గును, నీరును మిగులును. అయితే కాలువలో నీరు ఎపుడు వచ్చునో తెలియని రైతు, వచ్చినపుడే మడి నింపుకొనును. అతనికి ఉపన్యాసము చెప్పుటకు ముందు వంతుల ప్రకారము నీరు విడుచుట నేర్చుకొనవలసినవారు వేఱే యున్నారు.

మఱి వంటపొయ్యి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వలా పథకమును పేదయిండ్ల స్త్రీలకు వంటగ్యాసు ఇప్పించుటకే పుట్టినవి. కట్టెపొయ్యి పొగలో నల్లని మసి కలదు, అది వేడిచేయును. దానితో కూడ లేచు లేతరంగు పొగలో చల్లపఱచు అంశమును కొంత కలదు. రెండును కూడి తీసివేయగా ఎటువైపు ఎంత మిగులునను లెక్క ఇంకను తెగలేదు. ఆ లెక్క తెగువఱకు పొయ్యి ముందఱ కూర్చుండి గొట్టముతో ఊదుచు దగ్గుచున్న స్త్రీని ఆగుమని చెప్పగలవా రెవ్వరైన నున్నచో, వారు ఒక్క వర్షాకాలము తడిసిన కట్టెలతో తమ వంట తామే చేసికొని, పిమ్మట ఆ మాట చెప్పవలెను. ఆమె పొగకు భూమి ఉష్ణతతో గల సంబంధము శాస్త్రజ్ఞుల విచారమునకు తగినది. ఆమె పొగ పీల్చుటకు అది కారణము కానేరదు. మొదటి సిలిండరు ఊరక వచ్చినను, రెండవదానికి రొక్కము చాలక మరల కట్టెలవైపు పోయిన యిండ్లు మా ఊరిలోనే కొన్ని కలవు. ఏ నెలలో ఏ యింట పొగ మరల లేచుచున్నదో సిలిండర్లు తెచ్చిపెట్టు కుఱ్ఱవాడు చూడకుండనే చెప్పగలడు.